ఒక మనిషి, రెండు గొంతులు: జర్మన్ ఎన్నికల మాటలతో కుస్తీ

2025 ఫిబ్రవరి 23, ఆదివారం. జర్మనీలో పార్లమెంటు ఎన్నికల రోజు. పోలింగ్ కేంద్రంలో ఓటరు చేతికిచ్చే పొడవాటి కాగితం మీద ఒక చిన్న వాక్యం అచ్చయి ఉంటుంది: 'జీ హాబెన్ త్స్వై ష్టిమ్మెన్'. జర్మన్ నేర్చుకుంటున్న మనవారెవరైనా నిఘంటువు తెరిచి ఒక్కొక్క మాటకూ అర్థం చూసుకుంటే తేలేది ఇది: 'మీకు రెండు గొంతులున్నాయి'. ఇదేమి పది తలల రావణాసురుడి వ్యవహారం అనిపిస్తుంది.

తప్పు నిఘంటువుది కాదు. 'ష్టిమ్మె' అంటే గొంతు, కంఠస్వరం. అదే మాటకు ఓటు అనే అర్థం కూడా ఉంది. మనకు ఉన్నది ఒకటే మాట. అడిగేదీ ఓటే, వేసేదీ ఓటే, పడేదీ ఓటే, కొనేదీ అమ్మేదీ ఓటే, చివరికి చెల్లకుండా పోయేదీ ఓటే. జర్మన్‌లో ఈ చాకిరీ అంతా ఒక్క మాట నెత్తిన పెట్టరు. ఎంచుకోవడానికి ఒకటి, గొంతు వినిపించడానికి ఒకటి, కాగితం మీద గుర్తు పెట్టడానికి ఇంకొకటి. 'ఓటును జర్మన్‌లో ఏమంటారు?' అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. 'ఓటుతో ఏం చేస్తున్నారు?' అని ఎదురు ప్రశ్న వస్తుంది.

ముందుగా ఉచ్చారణ గురించి రెండు మాటలు. మాట మొదట్లో 'ఎస్', 'టి' కలిసి వస్తే 'ష్ట' అని పలకాలి. 'డబ్ల్యూ' మన వకారం. 'వి' చాలా చోట్ల ఫకారం. ఇక అందరినీ బెదరగొట్టే 'జెడ్' మనకు కొత్తదేమీ కాదు. చాప, చుట్టం అనేటప్పుడు మనవారిలో చాలామంది పలికే దంత్య చకారమే అది. ఇక్కడ దాన్ని 'త్స' అని రాస్తున్నాను. ఇప్పటి కాన్స్లర్, అంటే ప్రభుత్వాధినేత, ఇంటిపేరును మన పత్రికలు 'మెర్జ్' అని రాస్తాయి గానీ, ఆయన దేశస్థులు పిలిచేది 'మెర్త్స్' అని. మన నాలుకకు ఉన్న ఈ సౌకర్యాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

గొంతు చుట్టూ అల్లుకున్న మాటలు

'డీ ష్టిమ్మె' స్త్రీలింగం, బహువచనంలో 'ష్టిమ్మెన్'. దీన్ని ముందు పట్టుకుంటే ఎన్నికల మాటల్లో సగం వాటంతట అవే దారికి వస్తాయి. ఓటు కాగితం 'ష్టిమ్‌త్సెట్టెల్'. త్సెట్టెల్ అంటే చీటీ, కనుక 'గొంతు చీటీ'. అనుకూలంగా పడిన ఓట్లు 'యా-ష్టిమ్మెన్', వ్యతిరేకంగా పడినవి 'నైన్-ష్టిమ్మెన్'. చెల్లని ఓటు 'ఉన్‌గ్యుల్టిగె ష్టిమ్మె'.

అందరూ ఒకే వైపు ఓటు వేస్తే 'ఐన్‌ష్టిమ్మిహ్', అంటే 'ఒకే గొంతుతో'. ఇక్కడ మన 'ఏకగ్రీవం' ఒకసారి విప్పి చూడండి. గ్రీవం అంటే మెడ. సర్పంచి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని వార్తల్లో ఎన్నిసార్లు చదివినా అందులో ఒక మెడ ఉందని మనకు తోచదు. రెండు భాషలూ దాదాపు ఒకే చోట పట్టుకున్నాయి. అయితే తేడా ఒకటుంది, అనువాదంలో చాలామంది అక్కడే బోల్తా పడతారు. పోటీలో ఇంకెవరూ లేక ఓటింగే జరగకపోయినా మనం ఏకగ్రీవం అంటాం. జర్మన్‌లో ఐన్‌ష్టిమ్మిహ్ అనాలంటే ఓటింగ్ జరగాలి, అందరూ ఒకే మాట చెప్పాలి. పోటీ లేని మన సర్పంచిని ఆ మాటతో వర్ణిస్తే ఊరంతా వచ్చి చేతులెత్తినట్టు వాళ్లకు అర్థమవుతుంది.

'ష్టిమ్మె' నుంచి వచ్చిన క్రియ 'ష్టిమ్మెన్'. సంగీత వాద్యాన్ని శ్రుతి చేయడానికి ఇదే మాట. లెక్క సరిపోవడానికీ ఇదే. 'డాస్ ష్టిమ్ట్' అంటే 'అది నిజమే'. హోటల్లో బిల్లు కడుతూ 'ష్టిమ్ట్ జో' అంటే మిగతా చిల్లర ఉంచుకోమని. ఇదే మొదలు నుంచి వచ్చిన 'ష్టిమ్ముంగ్' అంటే మనసు స్థితి, లేదా ఒక చోట ఉన్న వాతావరణం. ఎన్నికల రాత్రి టీవీ విలేకరి ఏదో పార్టీ కార్యాలయంలో నిలబడి అక్కడి ష్టిమ్ముంగ్ గురించి చెబుతుంటే, ఓట్ల లెక్క చెబుతున్నారని పొరబడకండి. మొహాలు వేలాడుతున్నాయా, కేరింతలు కొడుతున్నారా అన్నది చెబుతున్నారు.

ముందు చేరే చిన్న ఉపసర్గలే అసలు ప్రాణం తీస్తాయి. 'ఆప్‌ష్టిమ్మెన్' అంటే ఒక విషయం మీద ఓటింగ్ జరపడం. 'త్సూష్టిమ్మెన్' అంటే ఒప్పుకోవడం, ఏకీభవించడం. 'బెష్టిమ్మెన్' అంటే నిర్ణయించడం. మొదటి రెండింటిలో ఉపసర్గ విడిపోయి వాక్యం చివరికి వెళ్లి కూర్చుంటుంది. 'వీర్ ష్టిమ్మెన్ యూబెర్ డేన్ ఆన్‌ట్రాగ్ ఆప్' అంటే ఆ తీర్మానం మీద ఓటింగ్ జరుపుతున్నాం అని. చివరి 'ఆప్' వినకుండా తొందరపడితే ఏం జరుగుతోందో తెలియదు. నిజానికి క్రియ కోసం వాక్యం చివరిదాకా ఓపిక పట్టడం తెలుగువాడికి నేర్పాల్సిన పని కాదు. 'త్సూష్టిమ్మెన్' చతుర్థి విభక్తి కోరుతుంది. మనం 'నీతో ఏకీభవిస్తాను' అంటాం, వాళ్లు 'నీకు' అంటారు: 'ఇహ్ ష్టిమ్మె డీర్ త్సూ'. ఇక్కడ 'తో' కోసం వెతుక్కుంటే వాక్యం తప్పుతుంది.

మనవారు చేసే మరో పొరపాటు 'వేయు' దగ్గర వస్తుంది. ఓటు వేయడాన్ని మాటకు మాట దించి 'వెర్ఫెన్' అంటారు. దాని అర్థం విసరడం. కాగితాన్ని పెట్టెలో వేయడానికి ఆ క్రియ చక్కగా సరిపోతుంది. ఓటుకు మాత్రం కాదు. ఓటును 'ఆప్‌గేబెన్' చేస్తారు, అంటే అప్పగిస్తారు. టీచరుకు హోంవర్కు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళాలు అప్పగించడానికి వాడే క్రియే ఇది. ఎవరికి వేశారో చెప్పాలంటే 'గేబెన్' చాలు, మనిషికి చతుర్థి పెట్టి 'ఆయనకు నా గొంతు ఇచ్చాను' అన్నట్టు చెబుతారు.

ఓటింగ్‌లో పాల్గొని కూడా ఎటూ మొగ్గకపోతే 'ఎంట్‌హాల్టుంగ్'. తనను తాను ఆపుకోవడం అన్న భావం ఆ మాటలో ఉంది. 2024 డిసెంబరు 16న అప్పటి కాన్స్లర్ ఓలాఫ్ షోల్త్స్ పార్లమెంటులో విశ్వాస పరీక్షకు నిలబడ్డారు. దాని పేరు 'ఫెర్‌ట్రావెన్స్‌ఫ్రాగె', అంటే 'నమ్మకం ప్రశ్న'. యా-ష్టిమ్మెన్ 207, నైన్-ష్టిమ్మెన్ 394, ఎంట్‌హాల్టుంగెన్ 116. ఓడిపోయారు. నిజానికి ఓడిపోవాలనే అడిగారు, ఎందుకంటే ఓడితేనే అధ్యక్షుడు సభను రద్దు చేయగలరు. 2025 సెప్టెంబరులో జరగాల్సిన ఎన్నికలు ఫిబ్రవరికి అలా జరిగాయి. గడువుకు ముందే వచ్చిన ఇలాంటి ఎన్నికలను 'నోయ్‌వాల్' అంటారు.

ఎంచుకోవడం, ఎన్నుకోవడం

'డీ వాల్' అంటే ఎన్నిక. ఎంపిక కూడా. తెలుగులో 'ఎన్ను' అంటే లెక్కించడం, ఎంచడం రెండూ కనుక ఈ జంట మనకు వింతగా అనిపించదు. సముద్రంలో ఈదే తిమింగలాన్నీ జర్మన్‌లో 'వాల్' అనే అంటారు. రాతలో ఒక అక్షరం తేడా, పలుకులో ఏ తేడా లేదు. దిక్కు లింగమే: ఎన్నిక స్త్రీలింగం కనుక 'డీ', తిమింగలం పుంలింగం కనుక 'డేర్'. జర్మన్ నామవాచకాలను లింగంతో కలిపి బట్టీ పట్టమని గురువులు ఎందుకు మొత్తుకుంటారో దీంతో అర్థమవుతుంది.

క్రియ 'వేలెన్'. ఫోను నంబరు నొక్కడం కూడా వేలెన్ కనుక, అక్కడ దరఖాస్తులో 'ఫోర్‌వాల్' అన్న గడి కనబడితే అది రాజకీయం కాదు, ఫోనుకు ముందు కొట్టే కోడ్. అదే మాటను బహువచనంలో పెట్టి అమెరికా వార్తల్లో వాడితే, అక్కడి పార్టీలు అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలు. విశ్వవిద్యాలయంలో చేరిన మన విద్యార్థులకు 'వాల్‌ఫ్లిహ్ట్‌మొడూల్' అనే వింత జంతువు ఎదురవుతుంది. వాల్ అంటే ఎంపిక, ఫ్లిహ్ట్ అంటే విధి. చదవడం తప్పనిసరి, ఏది చదవాలన్నది మాత్రం మీ ఇష్టం. ఇక దుకాణంలో పింగాణీ పళ్లేల మీద 'త్స్వైటె వాల్' అని రాసి ఉంటే రెండో రకం సరుకు, ఎక్కడో చిన్న లోపం ఉందని అర్థం. ఈ చివరి మాటను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

వ్యాకరణంలో మనకు పట్టు తప్పేది ఇక్కడ. మనం 'ఫలానా పార్టీకి ఓటు వేశాను' అంటాం. ఆ 'కి' నోట్లో ఉండిపోయి వేలెన్‌కు కూడా చతుర్థి తగిలిస్తాం. వేలెన్‌కు కావలసింది ద్వితీయ: పార్టీని ఎన్నుకోవాలి, పార్టీకి కాదు. 'కోసం' అనే అర్థమిచ్చే 'ఫ్యుర్' పెట్టి చెప్పాలనుకుంటే క్రియ మార్చి 'ఫ్యుర్ ... ష్టిమ్మెన్' అనాలి. ఒకరిని ఒక పదవికి ఎన్నుకుంటే మన 'గా' ఉన్నచోట 'త్సుమ్' వస్తుంది: 'త్సుమ్ కాన్స్లర్ గెవేల్ట్', కాన్స్లర్‌గా ఎన్నికైన. బుండెస్‌టాగ్ అనే పార్లమెంటు సభకు ఎన్నికైతే 'ఇన్ డేన్ బుండెస్‌టాగ్', అదీ ద్వితీయే, ఎందుకంటే అది బయటి నుంచి లోపలికి వెళ్లడం.

ప్రజలు కాన్స్లర్‌ను నేరుగా ఎన్నుకోరు, బుండెస్‌టాగ్ సభ్యులు రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటారు. ఒక్కో విడత ఓటింగ్‌ను 'వాల్‌గాంగ్' అంటారు. 2025 మే 6న ఈ మాట వార్తల్లో బాగా నలిగింది. ఆ ఉదయం ఫ్రీడ్రిహ్ మెర్త్స్ మొదటి వాల్‌గాంగ్‌లో ఓడిపోయారు. కావలసినవి 316, వచ్చినవి 310. కూటమికి సభలో 328 మంది ఉన్నారు. అంటే సొంతవారిలోనే కొందరు కాగితం చాటున మొహం చాటేశారన్నమాట. కాన్స్లర్ కావలసిన మనిషి మొదటి విడతలోనే ఓడిపోవడం ఆ దేశ చరిత్రలో అంతకు ముందు లేదు. అదే రోజు మధ్యాహ్నం రెండో వాల్‌గాంగ్‌లో 325 ఓట్లతో గట్టెక్కారు. గెలిచాక సభాధ్యక్షురాలు అడిగే లాంఛనపు ప్రశ్న ఒకటుంది: 'నేమెన్ జీ డీ వాల్ ఆన్?' ఈ ఎన్నికను స్వీకరిస్తున్నారా అని. 'ఆన్‌నేమెన్' కూడా విడిపోయే క్రియే. దేశమంతా టీవీలో ఆ చివరి 'ఆన్' కోసం ఎదురుచూసింది.

మనిషిని ఎన్నుకోవడానికి వేలెన్, విషయాన్ని తేల్చడానికి ఆప్‌ష్టిమ్మెన్: ఈ గీత ఎక్కడైనా స్పష్టంగా కనబడుతుందంటే అది స్విట్జర్లాండ్‌లో. అక్కడ ప్రజలు ఏటా కొన్నిసార్లు చట్టాల మీద, ప్రతిపాదనల మీద నేరుగా ఓటు వేస్తారు. అది 'ఫోల్క్స్‌ఆప్‌ష్టిమ్ముంగ్'. సభ్యులను ఎన్నుకునేది మాత్రమే 'వాల్'. గ్లారుస్, ఆపెన్‌త్సెల్ ఇన్నర్‌రోడెన్ అనే రెండు చిన్న రాష్ట్రాల్లో ఇప్పటికీ పౌరులు ఏడాదికొకసారి బహిరంగ ప్రదేశంలో గుమిగూడి చేతులెత్తి తేలుస్తారు. దానిపేరు 'లాండ్స్‌గెమైండె'. ఈ సంగతి తెలియకుండా జ్యూరిక్ నుంచి వచ్చిన మిత్రుడితో రెండు మాటలనూ కలగాపులగం చేసి మాట్లాడితే, ఆయన మర్యాదగా దిద్దుతాడు. నాకు అలాంటి దిద్దుబాటు ఒకటికి రెండుసార్లు జరిగింది.

రెండోది ఎందుకు మొదటిది

ఇప్పుడు ఆ రెండు గొంతుల దగ్గరికి వద్దాం. కాగితం ఎడమవైపు నల్లటి అచ్చులో 'ఏర్స్ట్‌ష్టిమ్మె', మొదటి ఓటు. కుడివైపు నీలి అచ్చులో 'త్స్వైట్‌ష్టిమ్మె', రెండో ఓటు. పేర్లు చూసి మొదటిది ముఖ్యమనీ, రెండోది 'అది కాకపోతే ఇది' అనే రెండో ఇష్టమనీ అనుకోవడం సహజం. త్స్వైటె వాల్ అంటే రెండో రకం సరుకని ఇందాకే చూశాం కదా. నేర్చుకునేవారే కాదు, అక్కడే పుట్టి పెరిగినవారిలోనూ ఈ రెండిటినీ తారుమారు చేసేవారున్నారు. వాస్తవం తలకిందులుగా ఉంటుంది.

ఏర్స్ట్‌ష్టిమ్మె వేసేది మీ నియోజకవర్గంలో నిలబడిన మనిషికి. నియోజకవర్గం 'వాల్‌క్రైస్', అలాంటివి 299. అక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత, మన లోక్‌సభ పద్ధతే. త్స్వైట్‌ష్టిమ్మె వేసేది పార్టీకి, సరిగ్గా చెప్పాలంటే ఆ రాష్ట్రంలో పార్టీ ప్రకటించిన అభ్యర్థుల జాబితాకు. దాన్ని 'లాండెస్‌లిస్టె' అంటారు. సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు రావాలన్నది తేల్చేది ఈ రెండో ఓటే. 1949లో జరిగిన మొదటి ఎన్నికల్లో ఓటరుకు ఒకే ఓటు ఉండేది. 1953లో రెండయ్యాయి. ముఖ్యమైన దానికే 'రెండోది' అన్న పేరు అంటుకుంది. పెట్టినవారు ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది.

మరి ఒక పార్టీకి రెండో ఓట్ల లెక్కన పది సీట్లు రావాల్సి ఉండి, నియోజకవర్గాల్లో నేరుగా పన్నెండు గెలిస్తే? పూర్వం ఆ రెండూ అదనంగా ఉంచేవారు. వాటి పేరు 'యూబెర్‌హాంగ్‌మన్‌డాట్', అంచు దాటి వేలాడే సీటు అని. అలా ఉంచితే తూకం చెడుతుందని మిగతా పార్టీలకూ సీట్లు పెంచేవారు, అవి 'ఔస్‌గ్లైహ్స్‌మన్‌డాట్'. తక్కెడలో ఒక పక్క దిగిందని రెండో పక్క రాళ్లు వేస్తూ పోతే ఏమవుతుందో అదే అయింది. 2021లో సభ 736 మందికి ఉబ్బింది. 2023లో చట్టం మార్చి 630 దగ్గర గీత గీశారు, బుండెస్‌టాగ్ వరకు పై రెండు మాటలూ చరిత్రలోకి వెళ్లాయి. పాఠ్యపుస్తకం కొంచెం పాతదైతే ఇప్పటికీ వాటిని వర్తమాన కాలంలో నేర్పుతుంది, జాగ్రత్త.

వాటి స్థానంలో ఒక కొత్త మాట వచ్చింది: 'త్స్వైట్‌ష్టిమ్మెన్‌డెక్కుంగ్'. డెక్కుంగ్ అంటే కప్పు, ఆచ్ఛాదన. నియోజకవర్గంలో గెలిచిన మనిషికి పార్టీ రెండో ఓట్ల గొడుగు అందితేనే సీటు. అందకపోతే గెలిచీ ఇంటికే. 2025లో 23 మందికి ఈ గతి పట్టింది. తమ నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు, సభలో కుర్చీ రాలేదు. గెలిచిన ఎమ్మెల్యేను ఊరేగించడం అలవాటైన మనకు ఇది మింగుడుపడదు. అక్కడా చాలామందికి పడలేదు, ఎన్నికలకు ముందే వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2024 జులైలో కోర్టు ఈ పద్ధతి సరైనదేనని తేల్చింది.

రెండో ఓటుకు ఇంకో కాపలా ఉంది. దేశం మొత్తం మీద ఐదు శాతం రాని పార్టీకి మామూలుగా జాబితా సీట్లు ఉండవు. 'ఫ్యున్ఫ్-ప్రొత్సెంట్-హ్యుర్డె' అంటారు దీన్ని. హ్యుర్డె అంటే పరుగు పందెంలో దూకే అడ్డంకి. కనీసం మూడు నియోజకవర్గాలు గెలిస్తే ఈ అడ్డంకి నుంచి మినహాయింపు. 2021లో 'డీ లింకె' పార్టీ 4.9 శాతంతో నిలిచి, సరిగ్గా మూడు నియోజకవర్గాల పుణ్యమా అని సభలో అడుగుపెట్టింది. 2025లో 'బీ ఎస్ వే' పార్టీకి ఆ అదృష్టం లేదు: 4.98 శాతం. పది వేల ఓట్లు కూడా లేని తేడాతో ఆగిపోయింది. ఇలాంటి పార్టీ గురించి పత్రికలు అడ్డంకి దగ్గర 'గెషైటెర్ట్' అని రాస్తాయి, విఫలమైందని. గుర్తుపెట్టుకోదగిన మాట. పరీక్ష ఫలితాల రోజున కూడా పనికొస్తుంది.

రెండు గొంతులే ఎక్కువ అనుకుంటే మ్యూనిక్ వెళ్లకండి. అక్కడ నగర సభలో 80 సీట్లు, నగర ఎన్నికల్లో ఓటరుకు 80 ఓట్లు. నచ్చిన ఒకరికే మూడు దాకా పోయవచ్చు, అది 'కుములీరెన్'. వేరువేరు పార్టీల జాబితాల నుంచి ఏరుకోవచ్చు, అది 'పనషీరెన్'. ఆ కాగితం విప్పితే దుప్పటంత ఉంటుంది.

శిలువ, అస్థికల కుండ, సాయంత్రం ఆరు

ఎన్నికలు ఆదివారమో సెలవురోజో జరగాలని చట్టం. అంతకు మూడు వారాల ముందే ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది: 'వాల్‌బెనాహ్‌రిహ్టిగుంగ్'. పొడవు చూసి భయపడకండి. వాల్ తీసేస్తే మిగిలేది 'తెలియజేయడం', అంతే. ఓటరుగా నమోదు చేసుకోవడానికి వేరే దరఖాస్తు ఉండదు. ఇల్లు మారిన ప్రతిసారీ నగర కార్యాలయంలో చేయించుకునే 'ఆన్‌మెల్డుంగ్' ఆధారంగా జాబితా దానంతటదే తయారవుతుంది. మన దగ్గర జాబితాలో పేరు గల్లంతైందని గోల పెట్టేవారిని చూసి పెరిగిన నాకు ఈ ఏర్పాటు కాస్త అసూయ పుట్టించింది.

పోలింగ్ కేంద్రం 'వాల్‌లొకాల్'. 'లొకాల్' అని విడిగా అంటే తినడానికో తాగడానికో వెళ్లే చోటు. ఇక్కడ మాత్రం పాఠశాల గదే ఎక్కువగా దొరుకుతుంది. తెర చాటు గది 'వాల్‌కబీనె'. లోపల చేసే పని 'క్రొయ్‌త్స్' పెట్టడం. ఆ మాటకు శిలువ అనీ, నడుము అనీ, పేకముక్కల్లో కళావరు అనీ కూడా అర్థాలున్నాయి. 'నా క్రొయ్‌త్స్ ఫలానా పార్టీ దగ్గర పెట్టాను' అంటే ఓటు వేశానని. కాగితం మీద ఇంకేమైనా రాస్తే, సంతకం చేసినా సరే, చెల్లదు. 2013 నుంచి మనకు ఉన్న నోటా లాంటి గడి అక్కడ లేదు.

మడిచిన కాగితం వెళ్లేది 'ఉర్నె'లోకి. అస్థికలు ఉంచే పాత్రకూ అదే పేరు. ఎన్నికలకు వెళ్లడాన్ని పత్రికలు 'ఉర్నెన్‌గాంగ్' అని గంభీరంగా రాస్తాయి. కొత్తగా చదివేవారికి అంత్యక్రియల ఊరేగింపులా వినిపిస్తే తప్పు వారిది కాదు.

ఈవీఎంలకు అలవాటైన మనం అడిగే ప్రశ్న: ఇంత సాంకేతికత ఉన్న దేశంలో ఇంకా కాగితమేమిటి? యంత్రాలు వాడి చూశారు. 2005 ఎన్నికల్లో కొన్ని చోట్ల అవి ఉన్నాయి. 2009 మార్చి 3న రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాడకం రాజ్యాంగ విరుద్ధమంది. ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా ఓటింగ్, లెక్కింపు ఎలా జరిగాయో చూసి నిర్ధారించుకోగలగాలి అన్నది దాని వాదన. ఈ సూత్రం పేరులోని 'యొఫెంట్‌లిహ్‌కైట్' అంటే బహిరంగత. ఓటు మాత్రం 'గెహైమ్', రహస్యం. ఓటు రహస్యంగా, లెక్క బాహాటంగా జరగాలి.

సాయంత్రం ఆరు దాటిన క్షణంలో టీవీలో వచ్చే అంకెలు 'ప్రొగ్నోజె'. పోలింగ్ కేంద్రాల బయట అడిగి తెలుసుకున్న సమాధానాలే దాని ఆధారం. కాసేపటికి వచ్చేది 'హోఖ్‌రెహ్నుంగ్'. ఇందులో నిజంగా లెక్కించిన ఓట్లు ఉంటాయి, వాటినుంచి మొత్తాన్ని అంచనా కడతారు. రెంటినీ ఎగ్జిట్ పోల్ అని అనువదించేస్తే తప్పు, మొదటిది మాత్రమే అది. ఎన్నికలు లేని కాలంలో పత్రికల్లో వచ్చే సర్వే 'జోన్‌టాగ్స్‌ఫ్రాగె', ఆదివారపు ప్రశ్న: వచ్చే ఆదివారమే ఎన్నికలైతే ఎవరిని ఎన్నుకుంటారు? ఈ ఒక్క ప్రశ్నలో 'వ్యుర్డెన్' ఉంటుంది, చివర 'వేరె' ఉంటుంది. అంటే నేర్చుకునేవారిని ఏడిపించే 'కొన్యుంక్‌టీఫ్', అంటే ఊహను చెప్పే క్రియారూపం, పాఠమంతా ఒక వాక్యంలో దొరికినట్టే.

గెలిచాక వచ్చే మాటలు

ఒక్క పార్టీకే మెజారిటీ రావడం అరుదు కనుక కూటములు తప్పవు. పార్టీలకు రంగులుంటాయి, రంగుల నుంచి పేర్లు పుడతాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిస్తే 'ఆంపెల్', ట్రాఫిక్ దీపం. నలుపు, పసుపు, ఆకుపచ్చ అయితే 'యమైకా', అంటే జమైకా, ఆ దేశపు జెండా రంగులవి. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అయితే 'కేనియా'. షోల్త్స్ నడిపిన ఆంపెల్ 2024 నవంబరులో కూలింది. ఆ ఏడాది మాటగా జర్మన్ భాషా సంఘం 'ఆంపెల్-ఔస్' ఎంచుకుంది. ఔస్ అంటే ఆరిపోవడం కూడా, కనుక పేరు పెట్టినవారికి చమత్కారం ఉచితంగా వచ్చింది.

రెండు మాటలు మనల్ని ప్రత్యేకంగా మోసం చేస్తాయి. 'ఫ్రక్‌త్సియోన్' వినగానే రాయలసీమ కక్షలు, ఫ్యాక్షన్ కథలు గుర్తుకు వస్తాయి. అక్కడ అది పరమ శాంతియుతమైన మాట: సభలో ఒక పార్టీ సభ్యులందరి సమూహం, అంటే శాసనసభాపక్షం. బుండెస్‌టాగ్‌లో అలా గుర్తింపు పొందాలంటే సభ్యుల్లో ఐదు శాతం బలం ఉండాలి. రెండోది 'మినిస్టర్‌ప్రెజిడెంట్'. పేరు చూసి ప్రధానమంత్రి అనుకుంటాం, కానీ ఆయన ఒక రాష్ట్రానికి పెద్ద, మన ముఖ్యమంత్రి. బవేరియా మినిస్టర్‌ప్రెజిడెంట్ హైదరాబాద్ వస్తే ప్రొటోకాల్ వారు ఎవరితో కూర్చోబెట్టాలో తికమకపడనక్కరలేదు.

వ్యాకరణానికి ఒక బహుమతి రాజ్యాంగం 38వ అధికరణంలో ఉంది. ఎన్నిక ఎలా ఉండాలో ఐదు విశేషణాలతో చెబుతుంది: సార్వత్రికం, ప్రత్యక్షం, స్వేచ్ఛాయుతం, సమానం, రహస్యం. 'ఆల్గెమైనెర్, ఉన్‌మిట్టెల్‌బారెర్, ఫ్రైఎర్, గ్లైహెర్ ఉంట్ గెహైమెర్ వాల్'. ముందు 'డేర్', 'డీ' లాంటి ఆర్టికల్ లేని స్త్రీలింగ చతుర్థి కనుక ఐదింటి చివరా ఒకే 'ఎర్'. విశేషణాల పట్టిక గోడకు అతికించుకుని వల్లె వేసే బదులు ఈ వాక్యం నాలుగుసార్లు బిగ్గరగా చదివితే చాలు. ఓటు వేసే హక్కును 'ఆక్టీఫెస్ వాల్‌రెహ్ట్' అనీ, పోటీ చేసే హక్కును 'పాసీఫెస్ వాల్‌రెహ్ట్' అనీ అంటారు. పోటీ చేసేవాడు నిష్క్రియుడేమిటని అనుమానం వద్దు. ఎన్నుకోవడం కర్తరి, ఎన్నుకోబడటం కర్మణి. మన వ్యాకరణ పుస్తకం పద్ధతే.

మరి జర్మనీలో ఉన్న తెలుగువారికి ఇవన్నీ వినడానికే పరిమితమా? బుండెస్‌టాగ్ ఎన్నికల్లో ఓటు జర్మన్ పౌరులకే. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం నగర ఎన్నికల్లోనూ ఓటు లేదు, ఐరోపా సమాఖ్య పౌరులకు ఉంది. కానీ విశ్వవిద్యాలయంలో చేరిన రోజు నుంచే విద్యార్థి సభ ఎన్నికల్లో జాతీయత అడగకుండా ఓటు ఇస్తారు. ఉద్యోగస్థులకైతే 'బెట్రీబ్స్‌రాట్', అంటే కంపెనీలో ఉద్యోగుల మండలి. నాలుగేళ్లకొకసారి మార్చి నుంచి మే లోపు ఎన్నికలు జరుగుతాయి. పదహారేళ్లు నిండిన ఉద్యోగుల్లో దాదాపు అందరూ 'వాల్‌బెరెహ్టిగ్ట్', ఓటు హక్కు గలవారే. ఏ దేశస్థుడని అడగరు.

ఎన్నికల ప్రకటన పత్రం 'వాల్‌ఔస్‌ష్రైబెన్' నోటీసు బోర్డు మీద కనబడగానే ఓటర్ల జాబితా 'వేలెర్‌లిస్టె'లో మీ పేరు వెతకండి. మన పేర్ల పొడవు చూసి ఎవరైనా ఇంటిపేరునూ సొంతపేరునూ అటూఇటూ చేసి ఉండవచ్చు. తప్పుంటే ఆ ప్రకటనలో చెప్పిన గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. దాన్ని 'ఐన్‌ష్ప్రుఖ్' అంటారు. విప్పి చూస్తే అందులో ఉన్నది 'ష్ప్రెహెన్', మాట్లాడటం.